అర్థం తెలియని పంతులు

కైలాసం పంతులుకు పద్యాల అర్థం తెలియదన్న సంగతి శాలిబండలో తెలియనివాళ్లు లేరు. ఆయన చదువంతా ఉర్దూలో సాగిందనీ, పోలీసు యాక్షన్ తరవాత బళ్లలోకి తెలుగు వచ్చినప్పుడు పంతుళ్లు దొరక్క, భుజాన కండువా ఉంది కదా అని ఆయన్ని పట్టుకొచ్చి ఆడపిల్లల బడిలో కూర్చోబెట్టారనీ చెప్పుకునేవారు. పాఠం చెప్పాలంటే ముందు తనకు తెలియాలి కనుక బడి వదలగానే ఊరి మీద పడతాడట. పాలు పోసే మొగులయ్య ఈ కథను పాలతో పాటు గడప గడపకూ పోసేవాడు. "కొందరు బియ్యం అడుక్కుంటరు, కొందరు పాత బట్టలు అడుక్కుంటరు. ఈయన అర్థాలు అడుక్కుంటడు" అనేవాడు.

అడగడం మాత్రం నిజమే. ఎండైనా వానైనా నల్ల గొడుగు విప్పుకుని, వీధిలోనే నిలబడి, గోడకు చెబుతున్నట్టు పద్యం చదివేవాడు. ఆ గొంతుకు పక్క సందులోని మేకలు మేత ఆపి తలెత్తేవి. చదవడం అయ్యాక గొంతు తగ్గించి, తప్పు చేసినవాడిలా అడిగేవాడు: "గిట్ల రాసిండు. నిజంగ అట్ల అయితదా?"

ఆయన దిగులంతా అదే. పద్యంలో ఏదైనా జరిగిందంటే అది లోకంలో జరుగుతుందో లేదో ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం లేని పద్యాన్ని ఆయన నమ్మడు.

కిషన్‌బాగ్‌లో టాంగా తోలే అంజన్న ఇంటి ముందు ఒకసారి ఇదే గొడవ. యుద్ధంలో రాజు పడిపోయిన రోజున ఆయన గుర్రం గడ్డి ముట్టకుండా కన్నీళ్లు కార్చిందని పద్యం. అట్ల అయితదా అని పంతులు అడిగాడు. అంజన్న బీడీ ఆర్పి, "నా గుర్రం ఏడ్వది పంతులూ, నన్ను ఏడిపిస్తది" అన్నాడు. ఇంకెవరైనా అయితే నవ్వి వెళ్లిపోయేవారు. పంతులు కదలలేదు. గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని నిలబడ్డాడు. చివరికి లోపల పిడకలు సర్దుతున్న అంజన్న కూతురు, జోడుగుర్రాన్ని అమ్మేసిన రోజున ఇది కూడా తొట్టి వైపు చూడలేదని చెప్పింది. అప్పటికి గాని ఆయన మొహం విప్పారలేదు. తనకిప్పుడు సమజైందని చెప్పి, తన భారం ఎవరో దించినట్టు వెళ్లిపోయాడు.

గౌలిపురాలో మిరపకాయలు దంచే ఆగమ్మ దగ్గర ఇంకో పద్యం. అత్తవారింటికి వెళ్లే పిల్లకు ఒక కంట నవ్వు, ఒక కంట నీరు. "ఒక కంట్ల కారం పడ్డదేమో" అంది ఆగమ్మ, రోకలి ఆపకుండానే. ఆమెతో జతగా రోకలి వేస్తున్న కూతురు పకపకా నవ్వి, తరవాత నవ్వు మాని, అక్క వెళ్లిన రోజున అచ్చం అలాగే ఉందని చెప్పింది. పంతులు ఆ కారపు ఘాటులో తుమ్ముతూ, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య రెండో పద్యం కూడా చదివి మరీ వెళ్లాడు.

హరిబౌలిలో గోద వాళ్లింటికి ఆయన వచ్చేది గురువారాల్లో.

గోద ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసింది. ఆ ఏడు వానలప్పుడు తల్లి జ్వరంతో పోయింది. తండ్రి గుడి సేవలో ఉండేవాడు, ఇంట్లో నోరు తెరవడం తక్కువ. వితంతువైన మేనత్త రంగనాయకి వచ్చి ఇల్లు చేతిలోకి తీసుకుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. వంట, నీళ్లు, గుడికి మాలలు కట్టడం గోద పాలయ్యాయి. ఆడపిల్లకు ఎనిమిది చాలని అత్త అంటే, తండ్రి తులసి ఏరుతూ తల వంచుకున్నాడు. పెద్ద పంతులమ్మ రాధాబాయి వచ్చి, పిల్ల మంచిగా చదువుతుంది, పంపండి అని బతిమాలింది. అత్త ఆమెకు గోద చేత పసుపు కుంకుమ ఇప్పించి పంపించేసింది. చదువు మాట ఎత్తుకుని వచ్చేవాళ్లు మళ్లీ గడప తొక్కవద్దని, ఆమె వినేటట్టే చెప్పింది.

గోదకు ఎదురు చెప్పే గొంతు లేదు. బడిలో హాజరు పలికినా పక్కపిల్లకు మాత్రమే వినబడేది. తెలుగు పాఠం మధ్యలో, పద్యంలోని ఒక స్త్రీ పడవ ఎక్కి నది దాటుతుండగా గోద బడి ఆగిపోయింది. ఆమె అవతలి ఒడ్డు చేరిందో లేదో గోదకు తెలియలేదు. మూసీ వైపు నుంచి తేమ గాలి వచ్చిన సాయంత్రాల్లో ఆ పడవ గుర్తొచ్చేది. ఆ వానాకాలమంతా గోడలు చెమ్మగిల్లి, ఇల్లు తడి గుడ్డలా ఉండేది. అన్నం వండినా, మాల కట్టినా చేతులకు పని దొరికేదే గాని మనసుకు ఏమీ దొరికేది కాదు.

అప్పుడు ఒక గురువారం వీధిలో గొడుగు కనబడింది. పంతులు పద్యం చదివాడు. అదే పడవ, అదే స్త్రీ. నది నడుమ ఆమె వెనక్కి తిరిగి చూసిందట, వదిలి వచ్చిన ఒడ్డే దగ్గరగా కనబడిందట. "అట్ల అయితదా?" అని గోడను అడిగాడు.

అత్త అరుగు మీద కూర్చుని మోకాళ్లకు ఆముదం రాసుకుంటోంది. మొగులయ్య చెప్పిన కథ ఆమెకు కంఠతా వచ్చు. "పాపం, రేపు బడిల చెప్పకుంటే నౌకరి ఊడగొడతరు" అని గోద వైపు తిరిగి, "తెలిస్తే చెప్పవే, పుణ్యముంటది" అంది.

గోద తలుపు వెనక నుంచి, అవునని చెప్పింది. పోతున్నప్పుడు పోయే చోటు కనబడదు, ఉన్నచోటే కనబడుతుంది అంది. ఆమె ఆ నెలలో మాట్లాడిన మాటల్లో అదే పెద్దది.

ఆ రోజు నుంచి రంగనాయకి అత్తకు ఇదొక ధర్మకార్యమైంది. ఎవరికో చదువు చెప్పించుకోవడం వేరు, చదువురాని పంతులును ఆదుకోవడం వేరు. గురువారం వస్తే ఆమే వీధిలోకి తొంగి చూసి, "మన తెల్వనాయన ఇంక రాలేదేందే" అనేది.

ఆయన ఏమడుగుతాడో ముందుగా తెలియదు కనుక గోద అన్నీ చూసిపెట్టుకోవడం మొదలుపెట్టింది. కిరసనాయిలు వరసలో ముందు నిలబడ్డవాళ్ల మొహాలూ, వెనకవాళ్ల మొహాలూ ఎలా ఉంటాయో చూసింది. గుడి తలుపు వేశాక నాయన ఒక్క క్షణం ఆ తలుపుకే చెయ్యి ఆనించి నిలబడటం చూసింది. పక్కింటి కృష్ణమ్మ, భర్తతో పోట్లాడిన రోజునే గిన్నెలు ఎక్కువ మెరిసేలా తోమడం చూసింది. ఇవన్నీ ఎక్కడో ఏదో పద్యానికి పనికొస్తాయని దాచుకుంది. ఆశ్చర్యమేమంటే, అన్నీ పనికొచ్చాయి.

ఒక వారం మాత్రం పంతులు పద్యాన్ని మెల్లగా చదివాడు. తల్లి పోయిన పిల్ల ఇల్లు ఊడుస్తూ, తల్లి ఎప్పుడూ ఆగే చోటే తానూ ఆగి నడుం పట్టుకుందట. అట్ల అయితదా అని ఆయన అడగకముందే గోద, "ఐతది" అంది. కాసేపటికి, "గంటె పెట్టే జాగ కూడా మారదు పంతులూ. నేను పెడదామనుకున్న చోట పెట్టను. అమ్మ పెట్టిన చోటనే పెడత" అంది. తల్లి పోయాక ఆమె ఏడ్చింది ఆ రోజే. పంతులు గొడుగును మొహానికి అడ్డం పెట్టుకుని, వాన లేదన్న సంగతి మరిచిపోయి, చూరు కింద నిలబడ్డాడు.

ఈ పేరు ప్రఖ్యాతులు తిరిగి తిరిగి అఫ్జల్‌గంజ్‌లో వకీలు వేణుగోపాల్ రావు చెవిన పడ్డాయి. బడిని నడిపించే కమిటీకి ఆయనే పెద్ద. కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చే లోపల బడిని చక్కబెట్టాలని, గుడికి వచ్చినవాడు అటునుంచి అటే గోద వాళ్లింటికి వచ్చి కూర్చున్నాడు. పంతులు ఇక్కడికొచ్చి అర్థాలు అడుగుతాడటగా అన్నాడు.

అత్త గర్వంగా సర్దుకుని కూర్చుంది. "అడగకేం? ప్రతి బేస్తవారం వస్తడు. మా గోదనే చెప్తది. ఎనిమిది కూడా నిండలేదు, పంతులుకే పాఠం చెప్తది."

తలుపు వెనక గోద చేతిలో మాల ఆగిపోయింది. ఆమెకు కొన్నాళ్లుగా ఒక అనుమానం ఉంది. తెలియనివాడు పద్యాన్ని అలా చదవలేడు, ఎక్కడ గొంతు తగ్గాలో తెలిసినవాడే అలా చదువుతాడు. ఆ మాట చెబితే ఆయన ఉద్యోగం నిలుస్తుంది. చెబితే, ఆయన వచ్చేది నేర్చుకోవడానికి కాదని అత్తకు తెలిసిపోతుంది, తలుపు మూతపడుతుంది. చెప్పకపోతే ఆ ఉద్యోగమూ, ఈ రాకా రెండూ పోవచ్చు.

"నిజమేనా బిడ్డా?" అన్నాడు వకీలు.

"ఆయనకు అన్నీ తెలుసు" అంది గోద. నిజంగానే అంది. కాని ఆ మాట హాజరు పలికినంత మెల్లగా వచ్చింది. వకీలు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

కమిటీ ముందు పంతులు ఏమీ దాచలేదని మొగులయ్య మరునాడు పాలతో పాటు పోశాడు. అర్థాలు తెల్వవట నిజమేనా అంటే, "కొన్ని తెల్వవు సాబ్, తెలిసినోళ్లను అడుగుతున్న" అన్నాడట. ఒక్క మాట ఎదురాడలేదట. పాపమని ఉద్యోగం తియ్యలేదు గాని, పెద్ద తరగతుల నుంచి దించి పసిపిల్లల తరగతిలో పడేశారు. ఇక ఆయన చెప్పాల్సింది అ, ఆలు. వాటికి సాక్ష్యం ఎవరినీ అడగక్కరలేదు.

అత్త అయ్యో పాపమంది. ఆ వారమంతా ముసురు. కట్టెలు అంటుకోలేదు, పూలు కుళ్లాయి, ఎవరు ఏం చేస్తున్నారో గోదకు చూడబుద్ధి కాలేదు. చూసి ఎవరికి చెప్పాలి? గురువారం వచ్చింది. అత్త అలవాటుగా వీధిలోకి తొంగి చూడబోయి ఆగిపోయింది.

గొడుగు వచ్చి ఎప్పటి చోటే నిలబడింది.

"ఇంకేం అర్థాలు పంతులూ? ఇప్పుడు చెప్పేది అక్షరాలే గద" అంది అత్త.

ఈ ప్రశ్నకు పంతులు సిద్ధపడి రాలేదు. కండువా సవరించుకున్నాడు. పిల్లలు ఇవాళ చిన్నవాళ్లే గాని రేపు పెద్దవాళ్లవుతారనీ, అప్పుడు అడిగితే కష్టమనీ ఏదో గొణిగి, అత్త మళ్లీ నోరు తెరవకముందే గబగబా పద్యం అందుకున్నాడు. పోయిన వారం ఎక్కడ ఆగారో సరిగ్గా అక్కడి నుంచి.

ఎండలో బండి తోలుకొచ్చిన వర్తకుడు బావి దగ్గర ఆగి, తాను గుక్కెడు తాగకుండా ముందు ఎడ్లకు పోశాడట. ఎందుకు అని పంతులు అడిగాడు. గోదకు జవాబు తెలుసు. తెలిసే, జీవితంలో మొదటిసారి తెగించి, "నీళ్లల్ల విషమున్నదేమోనని ఎడ్లకు తాపి చూసిండు" అంది.

అన్నంలో రాయి పడ్డవాడిలా పంతులు మొహం మారింది. మింగాడు. "ఆఁ... గట్ల కూడా... గానీ బిడ్డా, అవి తాగేటప్పుడు వాటి మొహం చూడలేక తల తిప్పుకున్నడని ఉన్నది. తల ఎందుకు తిప్పుకున్నడు?"

"ఈగలు ముసిరినయేమో."

ఇక ఆయన వల్ల కాలేదు. గొడుగు మూశాడు. అడగలేని జీవాల దాహాన్ని తన దాహంతో కొలిచినవాడు, తన ఆలస్యానికి సిగ్గుపడి తల తిప్పుకున్నాడనీ, ఆ సిగ్గే ఈ పద్యమనీ, దానికి ముందు చెప్పిన ఎండ అంతా ఆ సిగ్గు కోసమే కాసిందనీ, గొడుగుతో గాలిలో గీతలు గీస్తూ చెప్పుకుపోయాడు. మేకలు తలెత్తాయి. మొగులయ్య చెంబు పట్టుకుని సందు మొగలో నిలబడిపోయాడు. నోరు ఎండిపోయాక గాని పంతులు చుట్టూ చూడలేదు.

"అని..." అన్నాడు, గొడుగు మళ్లీ విప్పుకుంటూ, "ఎవరో అంటుంటే విన్న. నిజంగ అట్ల అయితదా?"

తలుపు వెనక గోద చెంగు నోట్లో కుక్కుకుంది. కాని అత్త అరుగు మీద నుంచి లేచింది. గోద నవ్వు ఆగిపోయింది. అత్త పంతులు వంక చూసింది, తలుపు వంక చూసింది. ఇన్ని గురువారాలూ ఆమె కళ్ల ముందు నుంచి ఒక్కొక్కటే వెళ్లినట్టున్నాయి. మోకాళ్లు పట్టుకుంటూ లోపలికి పోయి పీట తెచ్చి, అరుగు మీద దబ్బుమని వేసింది.

"నిలబడి అడిగితే ఎప్పటికి తెలుస్తది నీకు? కూసోని అడుగు" అంది.

తరవాత గోదకు ఒక పెళ్లిలో కిషన్‌బాగ్ రాహేలు కలిసింది. కుట్టుమిషను కోసం బడి మానేసిన పిల్ల. ఆమె ఇంటికి ఆయన సోమవారాల్లో వచ్చేవాడట. అంజన్న కూతురికీ ఆగమ్మ కూతురికీ వేరే రోజులట. పంతులు అర్థం అడిగిన ప్రతి ఇంట్లోనూ బడి మాన్పించిన ఆడపిల్ల ఒకతె ఉంది. బడికి వెళ్లే పిల్ల ఉన్న ఇంట్లో ఆయన ఒక్క పద్యానికీ అర్థం అడగలేదు.