తాత చెప్పని చోటు

నేను హన్మకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మైక్రోస్కోపులో కనిపించింది రాసి సంతకం పెట్టడమే నా పని. దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే, జ్వరం ఉందేమో చూపించుకోమని నవ్వేదాన్ని. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మా తాతది పరకాల దగ్గర పల్లె. సొంత భూమి లేదు, పాలేరుగా చేసేవాడు. ఎన్నాళ్లు ఒకరి కింద బతకాలని, ఒకరోజు గొడ్డలి, నాగలి, ఇన్ని గింజలు ఎడ్లబండిలో వేసుకుని మేడారం వైపు అడవి అంచుకు వెళ్లిపోయాడు. వెంట మా నాయనమ్మ, వాళ్ల చిన్నబిడ్డ రాజవ్వ. మేం బాపు అని పిలిచే మా నాన్న అప్పటికి పుట్టలేదు.

అక్కడ వాళ్లదే మొదటి గుడిసె. తాత చెట్లు కొట్టేవాడు. నాయనమ్మ తుప్పలు నరికి కాల్చేది. రాజవ్వ రాళ్లేరి గట్టు మీద పోసేది. రాత్రి జంతువులు రాకుండా గుడిసె చుట్టూ మంటలు వేసుకునేవారు.

మొదటి వానాకాలంలోనే తల్లికీ బిడ్డకూ చలిజ్వరం వచ్చింది. వాగు పొంగింది, దవాఖానకు దారి లేదు. దగ్గరి గూడెం నుంచి ఒక కోయ ముసలమ్మ వచ్చి పసరు పోసి వెళ్లేదట. నాయనమ్మ లేచింది. రాజవ్వ లేవలేదు.

నాయనమ్మకు తెలివి వచ్చేసరికే తాత బిడ్డను ఎత్తుకెళ్లి ఎక్కడో పూడ్చి వచ్చాడు. ఎక్కడ అంటే చెప్పలేదు. ఏడ్చినా, అన్నం మానేసినా చెప్పలేదు. ఒక్కసారి మాత్రం అన్నాడట.

"చెప్తే నువ్వు గాడ్నే కూసుంటవు. మల్ల మనం ఈడ బతకలేం."

తర్వాత అడవి ఇంకా నరికారు, చేను పెరిగింది. చుట్టాలు వచ్చారు, ఊరు వెలిసింది. తాత ఆ మాట చెప్పకుండానే పోయాడు. తన బిడ్డ ఎక్కడుందో తెలియకుండానే నాయనమ్మ ఆ నేల మీద బతుకంతా కలుపు తీసింది, పత్తి ఏరింది. మాకు ఈ కథ చెప్పింది కానీ, ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదని నాకు తర్వాతే తెలిసింది.

మొన్నటి ఎండాకాలం చేను మూలన షెడ్డు వేద్దామని బాపు జేసీబీ మాట్లాడాడు. సెలవు కాబట్టి నేనూ వెళ్లాను. డ్రైవరు దూరపు జిల్లా మనిషి, మా ఊరికి రావడం అదే మొదటిసారి. పొద్దున పని మొదలైంది. బాపు డీజిల్ కోసం వెళ్లాడు. కాసేపటికి జేసీబీ ఆగింది.

"అక్కా, గా పోరిని జర పక్కకు పిలువుండ్రి."

"ఏ పోరి అన్నా?"

"గదే, పెద్దోళ్ల అంగి తొడుక్కొని మట్టిల కూసున్నది సూడు."

నాకు మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. అతను దిగి వచ్చాడు. ఆ చోట నిలబడి అటూ ఇటూ చూశాడు. ఇప్పటిదాకా ఈడనే ఉండె అన్నాడు. నీళ్లు తాగి, ఇక్కడ మాత్రం నేను తవ్వను అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఎండదెబ్బ అనుకున్నాను. నాయనమ్మ అప్పటికి మడికొండలో మాతోనే ఉంటోంది. ఇంటికి వచ్చాక, అన్నం తింటూ నవ్వుతూనే ఈ సంగతి చెప్పాను. నాయనమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అంగి చేతులు మడిచి ఉన్నయా, యాలాడుతున్నయా?"

ఎందుకు అడుగుతోందో అర్థం కాలేదు. ఊరుకోకపోతే బాపు దగ్గర నంబరు తీసుకుని డ్రైవరుకు ఫోన్ చేశాను. యాలాడుతున్నయి అక్కా, చేతులే కనపడలే, అన్నాడు.

అప్పుడు చెప్పింది నాయనమ్మ. ఆ రాత్రి బిడ్డ చలికి వణుకుతుంటే తాత తన ఒంటి మీద ఉన్న ఒక్క అంగీ విప్పి తొడిగాడట. చేతులు కిందికి వేలాడాయట. ఆమెకు తెలివి వచ్చేసరికి బిడ్డ లేదు, తాత ఒంటి మీద అంగీ లేదు. ఈ మాట ఆమె బాపుకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

"నన్ను గాడికి తీస్కపో కొడుకా," అంది బాపుతో.

మర్నాడు పొద్దున్నే కారులో తీసుకెళ్లాం. జేసీబీ గీత ఇంకా నేల మీద అలాగే ఉంది. నాయనమ్మ దాని పక్కన చతికిలబడి అరచేయి మట్టి మీద ఆనించింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాన్నాళ్లకు ఊరి నుంచి వచ్చిన చుట్టంలా కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది.

"నేనే బిడ్డా, మీ అవ్వను. నీ ఎనుక ముగ్గురు పుట్టిండ్రు. గీ నిలవడ్డోడు నీ తమ్ముడే."

ఆగింది. ఆ ఆగిన చోట "ఊ" అని వినిపించింది.

"మన ఎర్రెద్దు ముసలిదై సచ్చిపోయింది. మీ నాయిన మస్తు ఏడ్సిండు."

"ఊ."

కథ వింటూ పిల్లలు కొట్టే ఊ. సన్నగా, మట్టి దగ్గర నుంచి. గాలి లేదు. చుట్టూ చేలల్లో మనుషులు లేరు. నాయనమ్మే అంటోందేమోనని ఎదురుగా వెళ్లి ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. పెదవులు మూసి ఉన్నప్పుడే మళ్లీ వినిపించింది. బాపు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

నాయనమ్మ చెబుతూనే ఉంది. కరువు సంగతి, ఊరికి కరెంటు వచ్చిన సంగతి, తాత చివరి రోజుల సంగతి. రానురాను ఆ ఊ నెమ్మదించింది. రెండు మాటలకోసారి, తర్వాత ఇంకా ఆలస్యంగా. చివరికి రాలేదు. నాయనమ్మ మాట మధ్యలోనే ఆపి కాసేపు వేచి చూసింది. తర్వాత మా వైపు తిరిగి, చప్పుడు చెయ్యొద్దని వేలు పెదవుల మీద పెట్టింది.

"పండుకున్నది," అంది గుసగుసగా.

షెడ్డు ఇంకో మూలన వేశాం. అక్కడ తవ్వి చూడలేదు, చూడాలని కూడా ఎవరమూ అనలేదు. వానలు మొదలయ్యాక నాయనమ్మ పోయింది. ఆమె కోరినట్టే ఆ పక్కనే పూడ్చాం.

ఆ రోజు విన్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నేనొక్కదాన్నే విని ఉంటే తప్పు నా చెవుల మీద నెట్టేసేదాన్ని. బాపు కూడా విన్నాడు. కానీ ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు.