మాస్టర్ చేతిలో ఊరి తాళంచెవులు

దేవరకొండలో శ్రీశైలం మాస్టర్ పడని చోటు లేదు. బస్టాండులో పడ్డాడు, అంగట్లో పడ్డాడు, పెళ్లి బరాత్‌లో పడితే గుర్రమే దండం పెట్టి పక్కకు తప్పుకుందని చెప్పుకుంటారు. ఆయన కరాటే నేర్పే మాస్టరు. నిలబడి గెలిచే విద్యకు కింద పడి ప్రచారం చేసిన గురువు భూమ్మీద ఆయనొక్కడే.

ఎందుకిలా అని అడిగితే, "పడుడు రానోనికి కొట్టుడెట్ల వస్తది? నాకు మంచిగ వచ్చింది గదొక్కటే" అనేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, నల్లబెల్టు మనిషి నడిబజారులో దబ్బున పడి అరచేత్తో నేలను చరిస్తే అది విద్య అని జనానికి తెలియదు. ఫిట్స్ అనుకునేవారు. ఉరికొచ్చి చేతిలో తాళంచెవుల గుత్తి కుక్కేవారు. ఆయన లేచి దులుపుకొని కరాటే మాట ఎత్తేలోపు నీళ్లు కూడా తాగించేవారు. అలా కొత్త పిల్లలు రాలేదు గానీ ఇంటికి ఊరి తాళంచెవులన్నీ వచ్చాయి. సాయంత్రమైతే వాటికోసం గుమ్మం ముందు బారు కట్టేవారు. ఆయన భార్య శోభ తలుపు తీసి, "కరాటేకొచ్చిండ్రా, చెవులకొచ్చిండ్రా?" అని అడిగేది. మొదటి మాట మర్యాదకే.

కరాటే బడి నడిచేది గుర్వయ్య పల్లికాయ గోదాములో. ఉన్నది నలుగురు పిల్లలు. అద్దె సరిగా రాక గుర్వయ్యకు ఓపిక తీరింది. వచ్చే వారపు అంగడి రోజు జనానికి ఆట చూపించమన్నాడు. కొత్తవాళ్లు చేరితే సరే, లేకపోతే గోదాము టెంటు సామాన్లవాళ్లకి ఇస్తానన్నాడు. నమ్మకం చాలక తాళంచెవి ముందే లాక్కున్నాడు.

అంగడి రోజు జనం మూగారు. నలుగురు పిల్లల్లోకీ చిన్నది వర్షిత ఎగిరి తన్నబోయి, కాలు జారి వెల్లకిలా పడింది. జనం గొల్లున నవ్వారు. పిల్ల మొహం చేతుల్లో దాచుకుంది. మరుక్షణం దాని పక్కనే అంతకు నాలుగింతల చప్పుడుతో మాస్టరు పడ్డాడు. నవ్వంతా ఆయన మీదికి మళ్లింది.

"ముందుగాల నేను పడాలె గద బిడ్డా, తొందరపడ్డవ్" అన్నాడు పడుకునే.

వర్షిత కిసుక్కున నవ్వి, లేచి మళ్లీ తన్నింది. ఈసారి జారలేదు.

సీతాఫలాల గంప దగ్గర లీలమ్మ మాత్రం నవ్వలేదు.

"పోయిన అంగట్ల నేను బురదల జారిన. చీర గూడ చెదిరింది. గప్పుడు గూడ గీ సారు గిట్లనే పడ్డడు. అందరు ఆయన దిక్కే ఉరికిండ్రు. నన్ను సూసినోడు లేడు. సల్లగ చీర సర్దుకున్న" అంది. తన మనవరాలు మనీషను రేపటినుంచే పంపుతానంది. ఆమె వెనకే మరో ఇద్దరు తల్లులు కదిలారు.

అప్పుడు జనానికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. బస్టాండులో ముసలాయన మెట్టు తప్పిన రోజు. బరాత్‌లో పెళ్లికొడుకు గుర్రం మీంచి జారిన రోజు.

మాస్టరు ఇంకా నేలమీదే ఉన్నాడు. గుర్వయ్య వచ్చి వంగి, గోదాము తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"నాకు ఫిట్స్ లేవు గుర్వన్నా."

"ఎరుకే. గీ చెవి వాపస్ ఇయ్యకు."

"గట్లనే గని, జర లేపే. గీసారి నిజంగనే నడుము పట్టింది."