స్టెఫానియా తెలియదన్న మాట

‘మీదే ఊరు?’ అని స్టెఫానియాను ఎవరైనా అడిగితే జవాబుకు బదులు ఎదురు ప్రశ్న వచ్చేది. “ఎందుకు?” అనేది ఆవిడ. ఆస్ట్రేలియాలోని కూమా ఊళ్లో రొట్టెల కొట్టువాడు అడిగినా అదే, చర్చిలో పాదిరిగారు అడిగినా అదే. బతికినన్నాళ్లూ అలాగే బతికింది. ఆవిడకు పొగరని చాలామంది అనుకున్నారు. పొగరూ కాదు, పాడూ కాదు. ఒట్టి భయం.

ఆ పేరే ఆవిడది కాదు. పుట్టింది రష్యాలో, దొన్ నది ఒడ్డున ఒక పల్లెలో, క్సేనియాగా. యుద్ధంలో జర్మన్లు పడుచుపిల్లలందర్నీ పశువుల్లా రైలెక్కించి ఫ్యాక్టరీ చాకిరీకి పట్టుకుపోయారు, వాళ్లలో ఈమె ఒకతె. యుద్ధం ముగిశాక శరణార్థుల శిబిరానికి సోవియట్ లారీలొచ్చి తమ దేశంవాళ్లను వెనక్కి తోలుకుపోవడం మొదలుపెట్టాయి. వెళ్లినవాళ్ల కబురు మళ్లీ ఎవరికీ అందలేదు. అప్పుడే పక్క మంచం మీద జ్వరంతో పోలండు పిల్ల ఒకతె చచ్చిపోయింది. ఆ పిల్ల పేరు, ఊరు, పుట్టినరోజు అన్నీ ఈమె తీసేసుకుంది. వాటితోనే ఓడెక్కి ఆస్ట్రేలియాలో దిగింది.

స్నోయీ కొండల్లో సొరంగాలు తవ్వే క్యాంపులో వంటింటి పని దొరికింది. పొద్దస్తమానం గొర్రె మాంసం, బంగాళాదుంపలు. యూరప్‌లో ఎన్ని దేశాలున్నాయో అన్ని దేశాల మగవాళ్లూ అక్కడ పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లు. పోలండువాళ్ల బల్ల దగ్గరికి మాత్రం స్టెఫానియా వెళ్లేది కాదు. వాళ్లు పలకరిస్తే తలనొప్పి అనేది. ఆ ఏడాది పౌరసత్వానికి అర్జీ పెట్టుకుంది. కూమా టౌన్ హాల్లో నిలబడి ప్రమాణం చేసేస్తే ఇక తనను వెనక్కి పంపే మొనగాడు ఉండడని ఆమె నమ్మకం. ఈలోగా అబద్ధం బయటపడితే మాత్రం మళ్లీ ఆ లారీ ఎక్కాల్సిందే.

సరిగ్గా అప్పుడే దాపురించాడు ఆల్బిన్ కోషూటా.

స్లోవేనియావాడు, నడివయసు దాటినవాడు, సొరంగంలో డ్రిల్లు పట్టేవాడు. ఒకప్పుడు నాలుగు భాషల ఊళ్ల మీదుగా పోయే రైల్లో టికెట్లు చూసేవాడట. వచ్చిన వారానికే అన్నాల గదిలో అతని గొంతు తప్ప ఇంకోటి వినపడకుండా పోయింది. ఆ రోజుల్లోనే ఒకసారి సొరంగంలో ప్రమాదమై సైరన్ మోగితే, వంటింటివాళ్లతో సహా అందరూ బయటికొచ్చి శిలువ గుర్తు వేసుకున్నారు.

“వినండర్రా! సొరంగం కప్పు నుంచి బండ ఊడిపడితే ఈ ఆస్ట్రేలియావాళ్లు ‘రోక్, రోక్’, అంటే బండా, బండా అని అరుస్తారు కదా. అది వినగానే మన జర్మను కుర్రాడికి లంగా గుర్తొస్తుందట, వాళ్ల భాషలో రోక్ అంటే అదేనట! నెత్తిన బండ పడుతుంటే వీడికి లంగా!”

అందరూ పగలబడి నవ్వారు. “మాకు సంవత్సరం,” అన్నాడు పోలండువాడొకడు. “మాకు గడువు,” అన్నాడు ఆల్బిన్. “రష్యావాడికైతే విధిరాత. ఈ మూడూ ఒక్క తల్లి పిల్లలే. ‘ముందే చెప్పి పెట్టింది’ అని అసలు అర్థం. రైల్లో ఒక ముసలి పాదిరి చెప్పాడు నాకు. జర్మను వాడిది వేరే పుటక, అది బట్ట నేసేవాళ్ల మాట. ఇంగ్లీషువాడిది ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికే తెలీదు.” అంటూ పళ్లెం చాపాడు. “నువ్వు చెప్పమ్మా, నీ భాషలో రోక్ అంటే ఏంటి?”

స్టెఫానియా చేతిలో గరిటె ఆగిపోయింది. “నాకు తెలీదు.”

ఆల్బిన్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, తలూపి వెళ్లిపోయాడు. అప్పుడు తట్టింది ఆమెకు, పోలండువాడు ఇందాకే జవాబు చెప్పేశాడని. సంవత్సరం అనే మాట తెలియని పోలండు మనిషి ఎక్కడైనా ఉంటుందా! 

ఇక ఆ రోజు నుంచి అతను ఏం చేసినా అనుమానమే. బూట్లు తుడుచుకుంటే పోలీసు అలవాటు. బీరు తాగకపోతే మత్తులో నోరు జారతాడేమోనని జాగ్రత్త. తాగితే పక్కవాడి నోరు విప్పించడానికి. వంటింట్లో తోడు పనిచేసే జెల్మా లాట్వియా మనిషి, దేనికీ బెదిరే రకం కాదు.

“నన్నూ అడిగాడే ఆ ముసలాడు,” అంది జెల్మా దుంపలు చెక్కుతూ. “మా దగ్గర రోకా అంటే చెయ్యి. ఇంకోసారి అడిగావంటే ఆ చేత్తోనే ఒకటిస్తానన్నా. పడీ పడీ నవ్వాడు.”

“ఎందుకే అతనికివన్నీ? మాట అడిగితే ఊరు తెలుస్తుంది. ఊరు తెలిస్తే మనిషి దొరుకుతుంది.”

“నీకన్నీ అలాగే కనపడతాయి. అన్నట్టు నీ గురించీ అడిగాడు. ఒంటరిగా ఎప్పుడు దొరుకుతుంది, మాట్లాడాలి అన్నాడు. పెళ్లి చేసుకుంటాడేమో చూడు!”

స్టెఫానియా ఏప్రను విప్పి అక్కడ పడేసి, తిన్నగా క్యాంపు సూపర్‌వైజరు బార్ట్‌లెట్ దగ్గరికి నడిచింది. ఆల్బిన్ అందరి దగ్గరా కూపీలు లాగుతున్నాడని, ఎవరిదే ఊరో ఆరా తీస్తున్నాడని, ఎవరికో చేరవేస్తున్నాడని చెప్పింది. ఆ రోజుల్లో పేపరు తెరిస్తే గూఢచారుల కబుర్లే. బార్ట్‌లెట్ ఫోనెత్తాడు. జీవితమంతా ఎవరు చాడీ చెబుతారోనని వణికిన మనిషి తనే వెళ్లి చాడీ చెప్పి వచ్చింది. చెప్పొచ్చాక ఆకలి కూడా వేసింది, కడుపునిండా తింది.

సిడ్నీ నుంచి రహస్య పోలీసులు, టోపీలవాళ్లు ఇద్దరు కారులో దిగారు. ఆల్బిన్‌ను ఆఫీసులో నిలబెట్టి, స్టెఫానియాను కూడా పిలిపించారు. ఈ సంగతి ఆమె అనుకోలేదు.

“ఈవిడను కూడా అడిగావా?” అన్నాడు పెద్ద టోపీ.

“అడిగాను దొరా.”

“ఏం చెప్పింది?”

ఆల్బిన్ ఆమె వైపు చూశాడు. 

“సంవత్సరం అంది. పోలండువాళ్లు ఇంకేం చెబుతారు?”

“ఇవన్నీ పోగుచేసి ఎవరికి పంపిస్తావు?”

“ఎవరికీ పంపను. వినడానికి బావుంటుందని అడుగుతాను.”

“బావుంటుందనా!” టోపీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ తప్పూ దొరకలేదు గానీ, ఇలాంటివాణ్ణి క్యాంపులో ఉంచడం మంచిది కాదని తేల్చి పని ఊడబెరికారు. తను చెప్పింది ఒట్టి అనుమానమేనని ఒక్క మాట అంటే చాలు, అది ఆగిపోయేది. స్టెఫానియా ఆ ఒక్క మాట అనలేదు.

మర్నాడు పొద్దున అతను ట్రక్కు వెనక పెట్టెతో కూర్చున్నాడు. చుట్టూ పోలండువాళ్లు, ఇటలీవాళ్లు వీడ్కోలు చెబుతున్నారు. స్టెఫానియా రొట్టెలో మాంసం పెట్టి, గుడ్డలో చుట్టి తెచ్చింది.

“నీకు తెలుసు కదా,” అంది గొంతు తగ్గించి. “నేను తెలీదన్న రోజే పసిగట్టావు.”

“అప్పుడు కాదమ్మా,” అన్నాడు అతనూ అంతే మెల్లగా. “ అంతకుముందే, సొరంగంలో ప్రమాదమై సైరన్ మోగిందే, ఆ రోజు. అందరితోపాటు నువ్వూ శిలువ గుర్తు వేసుకున్నావు. పోలండువాళ్లు, మావాళ్లు ముందు ఎడమ భుజం ముట్టుకుంటారు. నువ్వు కుడి భుజం ముట్టుకున్నావు, రష్యావాళ్లలాగ.” అతను గుడ్డమూట ఒళ్లో పెట్టుకున్నాడు. “నాలుక దాచుకున్నావు గానీ చెయ్యి దాచుకోలేదు. ఇంకెవరైనా చూస్తారు, భుజాల వరస మార్చుకోమని చెబుదామనే జెల్మాను అడిగా, నువ్వు ఒంటరిగా ఎప్పుడు దొరుకుతావని.”

స్టెఫానియాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరు వింటున్నారో చూసుకోలేదు.

“నేనే చెప్పాను వాళ్లకు! నీ మీద చెప్పింది నేనే! నా పేరు స్టెఫానియా కాదు, నేను…”

“ఏంటమ్మా?” ఆల్బిన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా గట్టిగా అరిచాడు. “ఈ ట్రక్కు చప్పుడులో ఒక్క ముక్కా వినపడట్లేదు!”

డ్రైవరు ఇంకా అన్నాల గదిలో టీ తాగుతున్నాడు.