ఎవరు ముందు తాగాలి

గంజాయి మోస్తూ పట్టుబడి రిమాండులో ఉన్న కుర్రాళ్ళ ఇళ్ళల్లో ఆ తర్వాత ఏం జరుగుతుంది? ఇదీ నా పీహెచ్‌డీ అంశం. దాని కోసం అరకు పైన ఒక గూడెం చేరాను. ఎవరినడిగినా "తెలీదు మేడం" అనేవారు. అందరూ అదే మాట అదే తీరున అంటుంటే నాకు ఒళ్ళు మండేది. ఎవరో ముందే నేర్పిపెట్టారని నా అనుమానం.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. మా నాన్న కానిస్టేబులు. ఈ ఘాట్ రోడ్డు చెక్‌పోస్టులోనే ఏళ్ళ తరబడి బస్సులెక్కి సంచులు తడిమాడు. పార్వతీపురంలో మా ఇంటికి చుట్టాలొస్తే కుశలం అడిగే ముందు వాళ్ళ బ్యాగుల వైపు చూసేవాడు. గూడెంలో ఆ సంగతి దాచాను. ఎవరైనా అడిగితే వ్యవసాయమనేదాన్ని. కొంచెం పొలముంది కాబట్టి పూర్తి అబద్ధమూ కాదు.

కాఫీ పళ్ళు ఎండబోస్తున్న ఒకావిడ మాత్రం నన్ను కూర్చోమంది. ఆమె కొడుకు జైల్లో ఉన్నాడు. బెయిలు విచారణ ఆ వారంలోనే. తన నోటి నుంచి ఏ మాటైనా జారి పోలీసుల చెవిన పడితే కొడుకు బయటికి రాడని ఆమె భయం. ఆమె నోరు విప్పకపోతే ఆ గూడెంలో ఇంకెవరూ విప్పరని నా భయం.

అడ్డాకుతో కుట్టిన దొప్పలో జీలుగు కల్లు పోసి, తను ఒక గుక్క తాగి నాకిచ్చింది. పోసినవాళ్ళు ముందు తాగి చూపించడం అక్కడి మర్యాద. అందులో విషం కలపలేదని దానర్థం. నేనూ తాగాను.

"నాను తాగి సూపినాను. ఇప్పుడు నువ్వు సెప్పు గుంటా. మీ అయ్య ఏటి సేత్తాడు?"

వ్యవసాయం అనబోయి ఎందుకో ఆగిపోయాను. "పోలీసు. కింద చెక్‌పోస్టులో చేసేవాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. మీ అబ్బాయిని పట్టింది ఆయన కాదు."

"పోలీసోల ఇంటి గుంటవని నాకెరుకే. వచ్చిన కాడ్నించి మా గోనెల వేపే సూత్తన్నావు."

మళ్ళీ దొప్ప నింపింది. ఈసారి తను తాగలేదు. అలాగే నా ముందు పట్టుకుంది. "తాగు. తాగితే మావోడి సంగతంతా సెప్తాను."

కల్లు అదే, కుండ అదే. అయినా నా చెయ్యి ముందుకు రాలేదు. ఆమె దాన్ని తనే తీరిగ్గా తాగేసింది.

"నా సేతి కల్లే నమ్మలేకపోనావు. నా కొడుకు బతుకు నీ సేతిలో ఎలా ఎట్టమంటావు?" అని లేచి కాఫీ పళ్ళు తిరగెయ్యడం మొదలుపెట్టింది.

ఆమె మీద కోపంతో ఉడికిపోతూ కొండ దిగి బస్సెక్కాను. గూడెపు ముసలాయన ఒకడు గోనె తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి పక్కన కూర్చున్నాడు. "ఏముంది అందులో?" అనేశాను.

అడగడానికి నువ్వెవరని ఆయన అనలేదు. వంగి మూతి విప్పి చూపించాడు. అల్లం.