రెండూ ఒకే ఎత్తు

మా బావ బూట్లు కుడతాడు. పనిలో ఎంత చురుకో మాటల్లో అంత పిసినారి. పది ప్రశ్నలడిగితే ఒకదానికి తల ఊపుతాడు, మిగతా తొమ్మిదీ మనమే అర్థం చేసుకోవాలి. అలాంటి మనిషి మా అక్కని పెళ్లి చేసుకుంటానని నోరు తెరిచి అడిగాడంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

అక్కకి చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఎడమ కాలు రెండంగుళాలు పొట్టిగా ఉండిపోయింది. పందొమ్మిదో ఏట బూట్ల కోసం బావ కొట్టుకి వెళ్లింది. అంతకుముందు కుట్టినవాళ్లు అడుగున చెక్కముక్క కొట్టి పంపేవాళ్లు. బావ తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, అంచులు నున్నగా చెక్కి, పైకి తెలియకుండా ఎత్తు పెంచాడు. కొలత సరిపోలేదంటూ ఆమెని నాలుగుసార్లు పిలిపించాడు. ఆ వంక ఎందుకో తర్వాత తెలిసింది.

పెళ్లయ్యాక ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఎడమ బూటు అతనే కుట్టాడు. కొట్టు అంటే ఇంటి ముందుగదే. వెలుతురు కోసం వీధివైపు తిరిగి కూర్చునేవాడు, ఇల్లంతా వీపు వెనక. అక్క వంటింట్లోంచి వస్తుంటే సిమెంటు గచ్చు మీద ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు బరువుగా వినపడేది. తల తిప్పకుండానే టీ గ్లాసు కోసం చెయ్యి వెనక్కి చాపేవాడు. ఒకసారి ఆటపట్టిద్దామని నేను అక్కలాగే కుంటుతూ గ్లాసు తీసుకెళ్లాను. చెయ్యి చాపలేదు.

కిందటేడు అక్క కడుపులో గడ్డ అన్నారు. కోసి చూసి మళ్లీ కుట్టేశారు. ఇక నెలలే అని డాక్టరు బావతో చెప్పాడు. నేను తోడుగా వాళ్లింటికి వెళ్లి అక్కడే ఉండిపోయాను. చర్చి ఆడవాళ్లు మంచం చుట్టూ చేరి, లేచి నడిచేలా చెయ్యమని ప్రార్థించారు. వాళ్లు వెళ్లాక అక్క, నడుస్తానులే గానీ ఇక్కడ కాదు అంది. ఆమెకి పరలోకం పక్క వీధిలో ఉన్నట్టే. నొప్పి వస్తే దుప్పటి అంచు పళ్ల మధ్య బిగించేది, తగ్గగానే మళ్లీ ఆ మాటే ఎత్తేది. నాకంత నమ్మకం లేదు. కానీ అది లేకపోతే ఆ నొప్పిని ఆమె ఒక్క రోజు కూడా భరించేది కాదని కళ్లారా చూశాను.

ఒక మధ్యాహ్నం బావని పిలిచి, "ఏమయ్యా, నాకో కొత్త జత కుట్టు. రెండూ ఒకే ఎత్తులో," అంది.

"ఎలా నడుస్తావు?"

"పెట్టెలో పెట్టేటప్పుడు తొడగడానికి. అక్కడ నా కాళ్లు రెండూ సమానమేగా."

బావ లేచి వెళ్లిపోయాడు. మూడు వారాలు ఆ ఊసే ఎత్తలేదు. పైగా ఆమె పాత బూట్లకి కొత్త అట్టలు వేసి, పాలిష్ చేసి, రేపో మాపో లేచి తిరుగుతుందన్నట్టు మంచం పక్కన పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. కొట్టులోకి వెళ్లి కడిగేశాను. ఊరందరికీ కుట్టిపెడతావు, కట్టుకున్నదాని ఆఖరి కోరిక నీకు బరువైందా అన్నాను.

అతను చేతిలో ఉన్న తోలు గుచ్చే ఆరె, దారం పక్కన పెట్టాడు.

"అక్కడ ఎంతమంది ఉంటారో. నాకు తన నడక చప్పుడే గుర్తు. అది కాస్తా మారిపోతే, రేపు నేను పోయాక తనని ఎలా పోల్చుకోను?"

వెళ్లి అక్కకి చెప్పాను. నవ్వింది, నవ్వు కాస్తా దగ్గైంది, ఆ తర్వాత ఏడ్చింది. బావని పిలిపించి చెయ్యి పట్టుకుంది.

"పోల్చుకోవడం నీ పని కాదు. ఇన్నేళ్లూ నువ్వు కూర్చున్న చోటికి నేనే వచ్చానా లేదా? అక్కడా నేనే వస్తా. నువ్వు గుమ్మం దాకా వచ్చి నిలబడు, చాలు."

మర్నాడే తోలు కోశాడు. కుడిది ఒక్క రోజులో అయిపోయింది. ఎడమదానికి వచ్చేసరికి ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే ముక్కలు పేర్చేసింది. రెండంగుళాలు అంటించాక గానీ చూసుకోలేదు. ఊడదీశాడు. ఆ మర్నాడూ అంతే. అక్క కుడి బూటు దిండు పక్కన పెట్టుకుని రెండోదాని కోసం ఎదురుచూసింది. అది పూర్తికాకముందే, ఆదివారం పొద్దున పోయింది.

పెట్టె వచ్చింది, జనం వచ్చారు, పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. బావ కొట్టులో కుడుతూనే ఉన్నాడు. ఎవరో ఆలస్యమవుతోందని గొణిగితే, అంత తొందరైతే వెళ్లమని కసిరాను. చివరికి తెచ్చి, రెండూ తనే తొడిగి లేసులు కట్టాడు. బూట్లు రెండూ ఒకే ఎత్తయినా, కాలు పొట్టిది కాబట్టి పెట్టెలో ఎడమ బూటు కుడిదానికంటే రెండంగుళాలు పైనే ఉండిపోయింది. బావ దాన్ని మెల్లగా కిందికి లాగి చూశాడు. రాలేదు. పాస్టరుగారు దుప్పటి కప్పారు. ఆ క్షణాన నాకు దేవుడి మీద చాలా కోపం వచ్చింది.

నెల తర్వాత ఒకరోజు టీ తీసుకెళితే, బావ పీట తిప్పేసి ఇంటివైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. వెలుతురంతా వీపు మీద, తన నీడే కుట్టు మీద.

"ఇలా కూర్చుంటే కుట్లేం కనిపిస్తాయి బావా?" అన్నాను.

"ఈసారి తను వస్తే చప్పుడు తెలీదుగా," అన్నాడు. "చూస్తూ ఉండడం అలవాటు చేసుకుంటున్నా."

గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వచ్చేశాను. పాలిష్ చేసిన ఆ పాత బూట్లు ఇంకా మంచం పక్కనే ఉన్నాయి. వాటి దగ్గర గచ్చు మీద కూర్చుని ఏడ్చాను.