రెండు డిగ్రీల అనుమానం

మా కూపీ అక్కకి ఉన్నది ఒక్కటే జబ్బు, అనుమానం. అదీ చిన్నాచితకా అనుమానం కాదు. పొద్దున్నే ఎవరైనా "బాగున్నావా" అని పలకరిస్తే చాలు, ఆ మనిషి మలుపు తిరిగేదాకా వీపు వంకే చూసి, "ఎందుకు అడిగినట్టు?" అనేది. ఒకరోజు అద్దంలో తన మొహం కాస్త కళగా కనబడిందని, అద్దం ఎవరైనా మార్చారేమోనని దాన్ని గోడ మీంచి తీసి వెనక్కి తిప్పి చూసింది. కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

అసలు పేరు వేరే ఉంది గానీ హాజరు పిలిచేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ వాడగా నేను వినలేదు. అన్నిటికీ కూపీ లాగుతుంది కాబట్టి హాస్టల్ హాస్టలంతా కూపీ అనేది. నాకంటే రెండేళ్ళు సీనియర్ కాబట్టి మర్యాదకి నేను అక్క తగిలించాను. మూడో అంతస్తులో మా ఇద్దరిదీ ఒకటే గది, ఇద్దరిదీ ఒకటే చదువు. బిజినెస్, సైకాలజీ, రెండు డిగ్రీలూ ఒకేసారి.

ఆ చదువు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే తప్పంతా ఆ మనిషిదే అనడం అన్యాయం. పొద్దున పూట బిజినెస్ బిల్డింగులో, జనానికి అక్కర్లేని వస్తువుని ఎలా అంటగట్టాలో నేర్పేవాళ్ళు. మధ్యాహ్నం రోడ్డు దాటి సైకాలజీ బిల్డింగుకి వెళితే, జనం అక్కర్లేని వస్తువుని ఎందుకు కొంటారో నేర్పేవాళ్ళు. మామూలు పిల్లలు ఏదో ఒకవైపే చదువుకుని సుఖంగా ఉంటారు. మేము రెండువైపులా విని, రోడ్డు మధ్యలో ఎవర్ని నమ్మాలో తెలియక నిలబడేవాళ్ళం. నాకు అవతలి గట్టు చేరగానే ఆ అనుమానం వదిలిపోయేది. ఆమెకి మాత్రం ఒంటికి పట్టేసింది.

ఆమెతో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళడం ఒక శిక్ష. "పాలు ఆ చివర ఎందుకు పెట్టారో తెలుసా? దారిలో చాక్లెట్లు కొంటావని," అని నా మోచెయ్యి పట్టుకుని, రెండు పక్కలా చూడనివ్వకుండా ఈడ్చుకుపోయేది. ఒకసారి షాంపూలు అమ్మే అమ్మాయి ఎదురొచ్చింది.

"మేడమ్, ఇది తీసుకుంటే దువ్వెన ఉచితం."

"ఎందుకు ఉచితం?"

"కంపెనీ వాళ్ళు ఇమ్మన్నారు మేడమ్."

"వాళ్ళకేం లాభం?"

"తెలీదు మేడమ్. నేను ఇవాళ పొద్దున్నే చేరాను."

"ఎందుకు చేరావు?"

ఆ అమ్మాయి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. మేము పాలు తీసుకుని తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే కూర్చుని దువ్వెన వంక చూస్తోంది.

ఈ జబ్బు ఎప్పుడు మొదలైందో కూడా నాకు చెప్పింది. సైకాలజీ డిపార్ట్‌మెంటులో ఒక ఆచారం ఉంది. సీనియర్లు చేసే ప్రయోగాల్లో జూనియర్లు కూర్చోవాలి, లేకపోతే మార్కులు పడవు. అందులో తిరకాసు ఏంటంటే, దేనిమీద ప్రయోగమని చెబుతారో దానిమీద కాదు. ముందే అసలు విషయం చెబితే మనిషి మామూలుగా ఉండడు కదా. అంతా అయ్యాక కూర్చోబెట్టి నిజం చెప్పాలి, అదొక రూలు.

అక్క మొదటి ఏడాదిలో అలాగే వెళ్ళింది. జ్ఞాపకశక్తి పరీక్ష అని నలభై మాటల కాగితం ఇచ్చి, బయట గదిలో కూర్చుని బట్టీ పట్టమన్నారు. ఈమె కళ్ళు మూసుకుని "నిచ్చెన, గొడుగు, గరిటె" అని వల్లె వేస్తుంటే, ఫైళ్ళు మోసుకొస్తున్న ఒకావిడ ఈమె కాళ్ళ దగ్గరే దభాలున వాటిని పారబోసింది. అక్క "నిచ్చెన, గొడుగు" దగ్గరే ఉంది. లోపలికి పిలిచాక చెప్పారట, జ్ఞాపకశక్తీ లేదు, పాడూ లేదు, ఫైళ్ళు ఏరడానికి ఎవరు సాయం చేస్తారో చూడటమే పరీక్ష అని. "నువ్వు కళ్ళు కూడా తెరవలేదమ్మా," అన్నారట.

ఇక అప్పట్నుంచీ లోకమంతా ఆమెకి ఆ బయట గదే. ఎవరి చేతిలోంచి పెన్ను జారినా ఎక్కడున్నా ఉరికొచ్చి తీసేది. తీసి, పైకప్పు మూల వంక చూసి, "తీశాను, రాసుకోండి," అనేది. మా వాచ్‌మన్ తాతకి మోకాళ్ళ నొప్పులు. నీళ్ళ క్యాను మెట్ల దగ్గర దించుకుని ఆయాసపడుతుంటే, "సరిగ్గా నేను దిగే టైముకే నొప్పి వచ్చిందంటే నమ్మమంటావా?" అని నాతో గొణిగి, ఆ క్యాను భుజానికెత్తుకుని మూడు అంతస్తులూ ఎక్కేది. రెండేళ్ళలో నాకు తెలిసి ఒక్కరోజు కూడా నమ్మలేదు, ఒక్కరోజు కూడా క్యాను దించలేదు.

నా రెండో ఏడాదిలో నేను స్టాటిస్టిక్స్ తప్పాను. నూటికి ఇరవై రెండు. రెండు బిల్డింగుల వాళ్ళూ ఒప్పుకున్న ఏకైక సబ్జెక్టు అది. ఆరు వారాల్లో మళ్ళీ పరీక్ష. అదీ తప్పితే రెండు డిగ్రీల కోర్సులోంచి తీసేస్తారు, ఏదో ఒకటి వదులుకోవాలి. మా అమ్మేమో ఇంటి పక్కవాళ్ళకి, పళ్ళ డాక్టరుకి, బస్సులో పక్క సీటావిడకి కూడా "మా అమ్మాయి ఒకేసారి రెండు డిగ్రీలు" అని చెప్పేసి ఉంది. సగం చదువు వెనక్కి తీసుకోవాలంటే అంతమందినీ వెతికి పట్టుకుని మళ్ళీ చెప్పాలి. అదలా ఉంచి, నాకు ఆ రెండు చదువులూ నిజంగా ఇష్టం. ఏ బిల్డింగు వదలమన్నా ఏడుపొచ్చేది.

నా జబ్బు కూడా చెప్పాలి. సాయం చేస్తానంటే నాకు ఒళ్ళు మండుతుంది. క్లాసులో ఫస్టొచ్చే అమ్మాయి నేర్పుతానంటే "నాకొచ్చు" అన్నాను. స్టాటిస్టిక్స్ మేడమ్ తన గదికి రమ్మంటే "తప్పకుండా మేడమ్" అని, ఆరోజు నుంచి ఆవిడ గది తగలకుండా అవతలి మెట్ల మీంచి దిగడం మొదలుపెట్టాను. కూపీ అక్క మాత్రం నా మార్కులు చూసి ఒక్క మాటా అనలేదు. అన్నిటికీ ఎందుకని అడిగే మనిషి దీనికి ఎందుకని అడగలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

నాలుగు రోజులాగి, "నాకో సాయం చేస్తావా?" అంది.

ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. "ఏంటక్కా?"

"నా ఫైనలియర్ ప్రాజెక్టు. ప్రయోగానికి ఒప్పుకున్న అమ్మాయి మానేసింది. ఇంకో మనిషి దొరక్కపోతే నా డిగ్రీ ఆగిపోతుంది."

"దేనిమీద ప్రయోగం?"

"అది చెబితే పాడైపోతుంది. నీకు తెలుసుగా."

"మరి నేనేం చెయ్యాలి?"

"రోజూ సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా నా ఎదురుగా కూర్చుని కష్టమైన పని ఏదైనా చెయ్యాలి. ఏదైనా సరే. నీకేది కష్టం?"

నేను బల్ల మీది పుస్తకం వంక చూశాను. "స్టాటిస్టిక్స్."

"సర్లే, ఏదో ఒకటి," అంది, పెద్దగా పట్టనట్టు. నాలుగు పేజీల ఫారం తెచ్చి సంతకం చేయించుకుంది. మధ్యలో మానకూడదు, చేసే ప్రతి లెక్కా పైకి చెబుతూ చెయ్యాలి, అని అందులో రెండుచోట్ల రాసి ఉంది. పాపం అక్క డిగ్రీ నా చేతిలో ఉంది కదా అని పెద్దమనసు చేసుకుని కూర్చున్నాను.

నేను లెక్క చెబుతుంటే ఆమె నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని వినేది. తప్పు చేస్తే తప్పని చెప్పేది కాదు. "ఎందుకు?" అనేది. ఒప్పు చేసినా "ఎందుకు?" అనేది. ఎందుకో నాకు తెలిసేదాకా వదిలేది కాదు. తర్వాత నోట్‌బుక్కులో ఏదో రాసుకునేది.

నేనూ సైకాలజీ చదివేదాన్నే. అసలు ప్రయోగం లెక్కల మీద కాదని, ఎక్కడో దాచిందని నాకు తెలుసు. ఎక్కడ? మొదట కుర్చీని అనుమానించాను, ఒక కాలు పొట్టిది. తర్వాత గడియారాన్ని, అది పది నిమిషాలు ముందుంది. మూడో వారంలో బిస్కెట్ల మీదికి మళ్ళాను. ప్లేటులో రోజూ సరిగ్గా ఏడు.

"ఏడే ఎందుకక్కా?"

ఆమె కళ్ళు చిన్నవి చేసింది. "ఎందుకు అడుగుతున్నావు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు," అని రాసుకుంది. గదిలో ఒకరినొకరు నమ్మని మనుషులం ఇద్దరం, మధ్యలో ప్లేటు.

మర్నాడు నాలుగే ఉన్నాయి. ఆ మర్నాడు మళ్ళీ ఏడు, తర్వాత తొమ్మిది. దొరికిపోయింది అనుకున్నాను. ఎలాగైనా పట్టుకోవాలని నేనూ రహస్యంగా ఒక నోట్‌బుక్ పెట్టాను. ఏ రోజు ఎన్ని బిస్కెట్లు, ఆ రోజు నేను చేసిన ఒప్పు లెక్కలు ఎన్ని. నాలుగున్న రోజుల సగటు ఎంత, ఏడున్న రోజుల సగటు ఎంత, ఆ తేడా బిస్కెట్ల వల్ల వచ్చిందా, ఊరికే అలా కుదిరిందా. పుస్తకంలో ఎనిమిదో పాఠం మొత్తం దానికోసమే తిరగేశాను. బిస్కెట్లు నిర్దోషులని తేలింది. తర్వాత కుర్చీ కాలి కింద కాగితం మడత పెట్టి, తీసి, లెక్క కట్టాను. కుర్చీ కూడా నిర్దోషే. గడియారం సంగతి తేల్చడానికి తొమ్మిదో పాఠం కావాల్సొచ్చింది. పరీక్ష దగ్గర పడేసరికి గదిలో ఉన్న సామానంతా విడుదలైపోయింది, అక్క ఒక్కతే మిగిలింది.

పరీక్ష రాశాను. రెండు గుంపుల మధ్య తేడా నిజమైనదో కాదో తేల్చమన్నారు. బిస్కెట్లని తలుచుకుని తేల్చిపారేశాను. డెబ్బై ఒకటి వచ్చాయి. స్టాటిస్టిక్స్ మేడమ్ కాగితం రెండుసార్లు చూసి, నా వంక ఒకసారి చూసింది.

మరుసటి వారం ఫైనలియర్ ప్రాజెక్టుల జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. అక్క పేరు పక్కన, "దుకాణాల్లో క్యూలో నిలబడే మనుషుల ఓపిక" అని ఉంది. నేనెప్పుడూ ఏ క్యూలోనూ నిలబడలేదే అనుకుని, ప్రాజెక్టులు చూసే మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, ఆ ప్రయోగంలో కూర్చున్నది నేనే."

"కూర్చోవడమేంటి? అందులో అందరూ నిలబడ్డవాళ్ళే," అంది ఆవిడ. "అయినా అది నాలుగు నెలల కిందే ఇచ్చేసింది కదా."

నాలుగు నెలల కింద నేనింకా తప్పనే లేదు.

గదికి వచ్చేసరికి అక్క లేదు. ఒళ్ళో పెట్టుకునే నోట్‌బుక్ దిండు కింద ఉంది. తీయడం తప్పే, తీశాను.

"మొదటి రోజు. గంటన్నర పుస్తకం వంక చూసింది, పావుగంట కిటికీ వంక. చేసిన లెక్క ఒకటి, అదీ తప్పు."

"మూడో రోజు. ఏడ్చింది. జలుబంది. నేనూ జలుబనే రాసుకుంటున్నాను."

"తొమ్మిదో రోజు. ఎందుకని అడిగితే కోప్పడింది. కోపంలో జవాబు కరెక్టుగా చెప్పింది. రేపు కూడా కోపం తెప్పించాలి."

"పదహారో రోజు. బిస్కెట్ల మీద అనుమానపడుతోంది. ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదు. రేపటి నుంచి రోజుకో లెక్కన పెట్టాలి."

"ఇరవై రెండో రోజు. బాత్రూముకి వెళ్ళినప్పుడు దాని దొంగ నోట్‌బుక్ చూశాను. మేడమ్ చెప్పినదానికంటే బాగా వేసింది. పిల్ల పాసవుతుంది."

చదువుతుంటే నాకు మళ్ళీ జలుబు చేసింది. తలుపు తీసుకుని లోపలికొచ్చిన అక్క, ముందు నోట్‌బుక్ చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"ప్రయోగం అయిపోయాక నిజం చెప్పాలి. అది రూలు," అన్నాను.

"ప్రయోగమైతే చెప్పాలి."

"మరి ఇదేంటి?"

"నేర్పుతానంటే నేర్చుకునేదానివా?"

"లేదు."

"మరింకేం," అని చెప్పులు మూలకి విడిచింది. నాకు ఆమెని గట్టిగా పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను. చేతులు రెండూ పక్కకి పెట్టి, ఎక్స్‌రే తీయించుకునేదానిలా బిగుసుకుని నిలబడింది.

ఆ వేసవిలో అక్కకి ఉద్యోగాల ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. మొదటి కంపెనీలో "మీ బలహీనత ఏమిటి?" అంటే "తెలుసుకుని మీరేం చేస్తారు?" అని అడిగొచ్చింది. రెండో చోట, కాఫీ ఇచ్చారని లేచొచ్చేసింది. మూడోదానికి పిలుపొచ్చిన రోజు మంచం మీద కూర్చుని, "నాకీ ఉద్యోగాలు పడవులే," అంది. గొంతులో మామూలు పదును లేదు.

"అక్కా, నాకో సాయం కావాలి," అన్నాను. "నా ప్రాజెక్టుకి ఒక మనిషి తక్కువైంది. రోజూ సాయంత్రం రెండు గంటలు నా ఎదురుగా కూర్చోవాలి. నేను అడిగే ప్రశ్నలకి, తిరిగి ప్రశ్న వెయ్యకుండా జవాబు చెప్పాలి. అంతే. దేనిమీదో మాత్రం చెప్పకూడదు."

నేను మూడో ఏడాదిలోకి కూడా ఇంకా అడుగుపెట్టలేదని, నాకు ప్రాజెక్టు అనేది ఆ పైయేడాదికి గానీ లేదని ఆమెకి నాకంటే బాగా తెలుసు. నాలుగు పేజీల ఫారం ముందు పెట్టాను. పెన్ను అడిగింది.

చదవకుండా సంతకం పెట్టింది.