బడి స్టాపు దగ్గర

భాష తెలియని ఊళ్ళు చాలా తిరిగాను. అక్కడ కూడా బస్సు కండక్టరు మాట మాత్రం నాకెప్పుడూ అర్థమయ్యేది. జరగమంటాడు, లేదా దిగమంటాడు. మనిషికి అంతకంటే ఎక్కువ మాటలు అక్కర్లేదని కూడా కొన్నాళ్ళు అనుకున్నాను. కింది వాటాలో ఉండే కుటుంబాన్ని చూశాక ఆ అభిప్రాయం వదులుకున్నాను.

ఆ ఇంటాయన ఉద్యోగమంతా ఒకే రూటులో కండక్టరుగా చేశాడు. పక్షవాతం వచ్చాక చెయ్యి కాస్త కోలుకుంది గాని మాట కోలుకోలేదు. దాహమేసినా "ముందుకు జరగండి", ఆకలేసినా అదే. కోపం వస్తే "రైట్ రైట్". మిగతా మాటలు గొంతు దాకా వచ్చి ఆగిపోయేవి. భార్య కుట్టుమిషను తొక్కుతూ, "పెళ్ళైన కొత్తలోనూ ఇంతేలెండి, ఇంట్లో కూడా జరగమనేవారు," అనేది.

వాళ్ళమ్మాయి డిగ్రీలో మెదడు, మనసు ఎలా పనిచేస్తాయో చెప్పే చదువు తీసుకుంది. డాక్టరవుతుందా అని అడిగేవాళ్ళకు కాదని చెప్పీ చెప్పీ విసిగిపోయింది. ల్యాబులో మనుషుల తలకు తీగల టోపీ తొడిగి, ఒక్కో కన్నంలో జెల్ నింపి, తెర మీద గీతలు వణకడం చూడడం ఆమె పని. అన్ని గీతలు చూసినా ఆమెకు కావలసింది ఒక్క మాట. నాన్న ఆమెను "పిచ్చుకా" అని పిలిచేవాడు. జబ్బు చేశాక ఆ పిలుపు లేదు. ఒకసారి తల్లి అలా పిలవబోతే, "నువ్వొద్దమ్మా," అంది.

ఒక ఆదివారం ల్యాబు పద్ధతిలోనే నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, బొమ్మలున్న అట్టముక్కలు ముందు పెట్టింది. నేను పేపరు తిరిగివ్వడానికి వచ్చి వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను.

"ఇదేంటి నాన్నా?"

అది కప్పు. ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. "ముందుకు జరగండి."

"కాదు. సరిగ్గా చూడు."

తల్లి మిషను ఆపింది. "మెదడు చదువంటే ఏమో అనుకున్నా. మీ నాన్న బుర్ర తినడమా?"

ఆయన అట్టలన్నీ లాక్కున్నాడు. ఒక్కోదాని మూల చింపి, ఒకటి భార్యకు, ఒకటి కూతురికి, ఒకటి నాకు ఇచ్చాడు. టికెట్లు. తల్లీ నేనూ నవ్వాం. ఆ పిల్ల మాత్రం చిరిగిన మూలకేసి చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు ఆమె నాన్న బస్సులోనే బడికెళ్ళేది. ఆయన స్టాపులు వరసగా చెప్పుకుంటూ వచ్చి, బడి దగ్గర "పిచ్చుకా, దిగు" అనేవాడు.

మళ్ళీ ఆ బస్సెక్కిస్తే నాన్న నోట ఆ పిలుపు వస్తుందా అని కాలేజీలో మేడమ్‌ను అడిగింది. "రావచ్చు," అందామె. "అంకెలు, పాటలు, తిట్లు కూడా అలాగే వస్తాయి. అలవాటు మోసుకొచ్చే మాటలవి. నిన్నే పిలిచాడని మాత్రం అనుకోకు, తర్వాత బాధపడతావు."

"సరే మేడమ్," అంది. సరే అనడానికేముంది.

తర్వాతి ఆదివారం ముగ్గురూ ఆ రూటు బస్సెక్కారు. ఆయనకు కాలు నిలవదు గనక పట్టుకోవడానికి నేనూ ఎక్కాను. ఆయన తలుపు పక్క సీట్లో కూర్చున్నాడు. ఆస్పత్రి దాటాక కమ్మీ మీద చెయ్యేసి, "మార్కెట్," అన్నాడు. బస్సులో ఒకరిద్దరు తిరిగి చూశారు. "వంతెన." ఆ పిల్ల లేచి మెట్టు దగ్గరికి వచ్చింది. "బడి." బస్సు ఆగింది.

"పిచ్చుకా, దిగు."

ఆమె దిగింది. దిగాలనుకుని దిగలేదు, కాళ్ళు దిగిపోయాయి. ఆయన బస్సు రేకు మీద చరిచి "రైట్ రైట్" అన్నాడు. బస్సు కదిలిపోయింది.

"అయ్యో, మా అమ్మాయండీ, ఆపండి," అని తల్లి మొత్తుకుంటే తర్వాతి మలుపులో ఆపారు. పరుగెత్తుకొచ్చి ఎక్కింది. ఆయాసం తీరకుండానే తల్లి చెవి దగ్గర అడిగింది.

"నా వైపు చూశాడా?"

తల్లికి అబద్ధం చేతకాదు. "రోడ్డు వైపు చూశారే." కొంగుతో కూతురి మొహం తుడుస్తూ, "అయినా నువ్వు దిగావుగా. పిలవకపోతే ఎవరైనా దిగుతారా?" అంది.

ఇప్పటికీ ఆదివారాల్లో వెళ్తుంటారు. ఆ పిల్ల ప్రతిసారీ దిగుతుంది. మలుపు దగ్గర బస్సు ఆపడం డ్రైవరుకూ అలవాటైపోయింది. ఇంట్లో మాత్రం ఆ మాట రాదు. కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే ఆయన పెదవులు చాలాసేపు కదులుతాయి. చివరికి "ముందుకు జరగండి" అంటాడు. ఆమె జరుగుతుంది.